ముసలికుక్క జ్వరము

చెన్నపట్టణమును కలకత్తాను కలుపు పెద్దబాటమీద, చిలకలూరిపేటకు దక్షిణముగా, మార్టూరు గ్రామము కలదు. 1970 వరకు ఈ గ్రామము గుంటూరు జిల్లాలో నుండెను. ఆ సంవత్సరమున ఒంగోలు జిల్లా యేర్పడగా అందు చేరెను. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టిరి. 2022లో బాపట్ల జిల్లా యేర్పడినప్పుడు మార్టూరు అందులోనికి వచ్చెను. జిల్లాల పేర్లు మాఱినవి కాని నేల మాఱలేదు. ప్రత్తి, మిరప పండు చేలు. మాఘమాసము వచ్చునప్పటికి కల్లములనిండ ఎఱ్ఱగా ఆరబోసిన మిరపకాయలు. ఆ కల్లములకు రాత్రివేళ కాపలాగా ఒక మనిషి, ఒక కుక్క. మనిషికి కూలి ముట్టును. కుక్కకు కూలి లేదు. ఇంటిలో మిగిలిన అన్నమే దానికి జీతము.

అట్టి కాపలాకుక్క యొకటి మా యింట పదమూడేండ్లు ఉండెను. దాని పేరు మోతి. రెండేండ్ల క్రిందట, మిరపకోతల దినములలో, ఒకనాటి సాయంకాలము అన్నపు పళ్లెము చప్పుడు వినియు మోతి లేవలేదు. దగ్గఱకు పోయి చూడగా ఒళ్లు కాలిపోవుచుండెను. తల యెత్తి, తోక ఒక్కసారి కదల్చి, మరల తల వాల్చెను. మొన్నటివరకు వీథి చివరదాక వచ్చి మమ్ము సాగనంపిన ప్రాణి నాలుగడుగులు వేయలేక తూలుచుండెను. పెదవి యెత్తి చూచితిమి. ఎఱ్ఱగా నుండవలసిన చిగుళ్లు సున్నమువలె తెల్లబడియుండెను. మూత్రము కాఫీ డికాక్షను రంగున నుండెను.

ఇరుగుపొరుగువారు వచ్చి చూచిరి. "పురుగుమందు కలిసిన నీళ్లేమన్నా తాగిందేమో" అని ఒకరనిరి. మా సీమలో ఆ అనుమానము సహజమే. కాని మందు తిన్న కుక్కకు నోట నురుగు వచ్చును, కండరములు అదురును, కంటిపాప చుక్కవలె కుదించుకొనిపోవును. మోతికి అవి యేవియు లేవు. మా ప్రక్కయింటి రైతుగారు కొంతసేపు ఊరకుండి, "ముసలిదైపోయిందండీ. ఇంకెన్నాళ్లు బతుకుద్ది? వదిలెయ్యండి. గుంటూరు తీసుకెళ్లి డబ్బులు పాడుచేసుకోవడం దేనికి?" అనిరి. ఆయన కఠినుడు కాడు. ఆ మాట పల్లెలలో తరతరాలుగా వినవచ్చుచున్న మాటయే. ముసలి యెద్దునకు, ముసలి కుక్కకు, ఒక్కొక్కప్పుడు ముసలి మనుష్యులకు సైతము ఆ మాట చెల్లుచునే వచ్చినది.

ఆ రాత్రి మోతి ప్రక్కన కూర్చుండియున్నప్పుడు నాకొక ఆలోచన కలిగెను. "ముసలిది, వదిలెయ్యండి" అను మాటలో రెండు మాటలున్నవి. ఆ ప్రాణికి వచ్చినది జబ్బు కాదు, ముసలితనమే అనుట మొదటిది. ముసలిదైన దానిని విడిచిపెట్టవచ్చునను తీర్పు రెండవది. ఈ రెండింటికిని చరిత్రలో సమాధానములు కలవు. రెండవదానికి సమాధానము మిక్కిలి ప్రాచీనమైనది. మొదటిదానికి సమాధానము దొరకి నిండ నూటయిరువదియేండ్లు కాలేదు. ఆ రెండు సమాధానముల చరిత్రయే ఈ ప్రసంగమునకు విషయము.

మన ఆంధ్ర మహాభారతమునకు మొదటను కుక్క కలదు, తుదను కుక్క కలదు. పదునొకండవ శతాబ్దిలో రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని యాస్థానమందు నన్నయ భట్టారకుడు ఆదిపర్వమును రచించెను. అందు కథారంభముననే సరమ అను దేవశునకముయొక్క వృత్తాంతము వచ్చును. జనమేజయుడు యజ్ఞము చేయుచుండగా సరమ కొడుకైన సారమేయుడు ఆడుకొనుచు అచ్చటికి వచ్చెను. ఏ హవిస్సును ముట్టలేదు, ఏ తప్పును చేయలేదు. అయినను జనమేజయుని తమ్ములు దానిని కొట్టి తఱిమిరి. తల్లి సరమ రాజునొద్దకు వచ్చి న్యాయమడిగెను. నిరపరాధులను బాధించినవారికి అనుకొనని ఆపదలు కలుగునని చెప్పిపోయెను. చక్రవర్తి మిక్కిలి కలత చెంది, ఆ దోషశాంతికై పురోహితుని వెదకుకొనుచు బయలుదేరెను.

పదుమూడవ శతాబ్దిలో నెల్లూరున మనుమసిద్ధి యాస్థానకవి తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలు తుదివరకు గల పదునైదు పర్వములను పూర్తిచేసెను. అందు మహాప్రస్థానమున ధర్మరాజు వెంట నడచినది ఒక కుక్క. ద్రౌపది పడిపోయెను, తమ్ములు నలుగురును పడిపోయిరి. కుక్క మాత్రము వెంట వచ్చెను. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కలకు స్వర్గమున చోటు లేదు, దీనిని విడిచి రథమెక్కుమనెను. నమ్మి వెంట వచ్చినదానిని నా సుఖము కొఱకు విడువజాలనని ధర్మరాజు నిలిచిపోయెను. అప్పుడు కుక్క రూపము మాని యమధర్మరాజు ప్రత్యక్షమయ్యెను. ఆ పరీక్ష ఆ మహారాజునకు ఒక కుక్క విషయమున వచ్చినది. పరీక్షలోని ప్రశ్న యొక్కటే: విడుతువా, విడువవా?

ఈ రెండు కథలకు నడుమ మిగిలిపోయిన అరణ్యపర్వశేషమును పదునాల్గవ శతాబ్దిలో పూర్తిచేసిన ఎఱ్ఱాప్రగడ, ప్రోలయ వేమారెడ్డికి ఆస్థానకవి. ఆ రెడ్డిరాజు మొదటి రాజధాని అద్దంకి. అద్దంకి మార్టూరునకు పొరుగూరు. రాజమహేంద్రవరమునుండి నెల్లూరికి పోవు దారి మా ప్రాంతముమీదుగనే పోవును. కావున భారతమునందలి కుక్కలు మాకు దూరపు చుట్టములు కావు.

అయితే సరమ ఆవేదన దెబ్బతిన్న కుక్కను గూర్చినది. ధర్మజుని పట్టుదల దిక్కులేని కుక్కను గూర్చినది. జబ్బుపడిన ప్రాణికి చికిత్స చేయించుట యను మాట మన దేశమున ఎప్పటినుండి కలదు? ఇందుకు రాతిమీద చెక్కిన సాక్ష్యము మన రాయలసీమలోనే యున్నది. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి కొండరాళ్లమీద క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దికి చెందిన అశోకుని ధర్మశాసనములు కలవు. అందు రెండవ శాసనము రెండు విధములైన చికిత్సలను పేర్కొనుచున్నది. ఒకటి మనుష్యులకు, రెండవది పశువులకు. మనుష్యులకును పశువులకును ఉపయోగించు ఓషధులు లేనిచోట్లకు వానిని తెప్పించి నాటించితినని చక్రవర్తి చెప్పుకొనెను. బాటల వెంబడి బావులు త్రవ్వించినది, చెట్లు నాటించినదియు మనుష్యులకు పశువులకు ఉపయోగపడుటకేయని చెప్పెను. మనిషికిని మూగప్రాణికిని ఒకే వాక్యములో వైద్యము చెప్పిన రాజశాసనము మన తెలుగు నేలమీద ఉండుట గర్వింపదగిన విషయము.

తరువాతి కాలమున కుక్కకు చరిత్రలో చోటు దొరకినది వేటవలన, పౌరుషమువలన. మైసూరు సీమలోని ఆతకూరున క్రీస్తుశకము 950 ప్రాంతపు శిలాశాసనమొకటి దొరకినది. అదిప్పుడు బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియములో కలదు. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు తక్కోలము యుద్ధమున చోళులను జయించెను. ఆ యుద్ధమున శౌర్యము చూపిన మణలేరుడను వీరుడు తన దొరయైన గాంగ బూతుగుని ఏ మాన్యమును అడుగక, కాళి యను కుక్కను బహుమానముగా అడిగి పుచ్చుకొనెను. ఆ కాళి ఒక మహావరాహముతో పోరి, దానిని చంపి తానును చచ్చెను. దానికి ఆలయము ముందర శిల నిలిపి, భూమి విడిచి, ఆ శిలకు పూజ చేయకుండ పూజారి భోజనము చేసినచో పాపమని వ్రాయించిరి. మన కావ్యములలో సైతము పెద్దన మనుచరిత్రమున స్వరోచి వేటయందు, ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యమున తిన్నని వేటయందు కుక్కలను వర్ణించిరి. విజయనగరపు కాలమున దక్షిణమునకు తరలిపోయిన తెలుగు రాజులు స్థిరపడిన రాజపాళయము పేరనే ఒక వేటకుక్కల జాతి ప్రసిద్ధికెక్కినది. 2005లో భారత తపాలాశాఖ ఆ కుక్క బొమ్మతో బిళ్ల వెలువరించినది.

ఈ కుక్కలన్నియు పడుచువి, బలము గలవి. కాళికి పదమూడేండ్లు వచ్చి, కాళ్లు తడబడి, జ్వరమున పడియుండినచో మణలేరుడు ఏమి చేసియుండునో శాసనము చెప్పదు. చరిత్ర కుక్క పౌరుషమును రాతికెక్కించినది. దాని ముసలితనమును మాత్రము ఎచ్చటను వ్రాసిపెట్టలేదు.

పందొమ్మిదవ శతాబ్దిలో నవీన వైద్యశాస్త్రము కుక్క జబ్బును చూచినదన్నను, అది మనిషి భయమువలననే. పిచ్చికుక్క కాటునకు 1885లో లూయీ పాశ్చరు ఫ్రాన్సులో మందు కనిపెట్టెను. దక్షిణ భారతమున కూనూరులో పాశ్చరు సంస్థ 1907లో నెలకొన్నది. తరువాత గొఱ్ఱె మెదడునుండి చేసిన టీకా దేశమంతట వ్యాపించి, బొడ్డు చుట్టు పదునాలుగు సూదులు అను మాట తెలుగు పల్లెలలో సామెతవలె నిలిచిపోయెను. ఆ టీకాను మన దేశమున 2005 నాటికి మానివేసి అంతకంటె మేలైనవానిని వాడుచున్నారు. ఇది గొప్ప మేలే. కాని ఈ చరిత్రయంతటిలోను కుక్క రోగి కాదు. రోగము తెచ్చు శత్రువు. కుక్కను రోగిగా ఎంచి, దాని రక్తములో ఏమున్నదో చూచినవారు ఎవరు?

ఇచ్చట మన కథ చెన్నపట్టణమునకు చేరును. ఆంగ్లేయుల దొరతనమున ఆ పట్టణములో మద్రాసు హంటు అను వేటసంఘము ఉండెను. సీమనుండి వేటకుక్కలను తెప్పించి, నక్కలను తఱుముట వారి వినోదము. ఆ కుక్కలు మన యెండలలో జ్వరపడుచుండెను. 1910లో ప్యాటన్ అను వైద్యశాస్త్రజ్ఞుడు ఆ వేటకుక్కల రక్తమును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, ఎఱ్ఱ రక్తకణముల లోపల మిక్కిలి చిన్నవైన పరాన్నజీవులను కనుగొనెను. అంతకుముందు ఎవరును వర్ణింపని జీవులవి. తరువాత అవే నక్కల రక్తములోను కనబడెను. వానికి పెట్టిన పేరు నేడు శాస్త్రమున బాబేసియా గిబ్సోనై యని వ్యవహారము. ప్రపంచమంతట నేడు పశువైద్యులకు తెలిసిన ఈ కుక్కజ్వరము మొట్టమొదట వర్ణింపబడినది మన దక్షిణదేశపు కుక్కలలోనే.

ఈ పరాన్నజీవి కుక్క రక్తములోనికి వచ్చు మార్గము పిడుదు. మా పల్లెలలో కుక్క చెవులలో, వ్రేళ్ల సందులలో ముత్యములవలె ఉబ్బి వ్రేలాడు పిడుదులను చూడనివారు లేరు. పిడుదు రోగమును మోయునను సంగతి అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ అను వారు పశువుల జ్వరము విషయమున 1893లో ఋజువు చేసిరి. పురుగు కాటువలన జ్వరము ఒక ప్రాణినుండి మఱియొక ప్రాణికి చేరునని తేల్చిన తొలి పరిశోధనలలో అది ముఖ్యమైనది. సికిందరాబాదులో రొనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా జాడను కనుగొన్నది దానికి నాలుగేండ్ల తరువాత, 1897లో. బాబేసియాయు మలేరియా క్రిమివలెనే ఎఱ్ఱకణములలో చేరి వానిని పగులగొట్టును. కణములు పగిలిన కొలది చిగుళ్లు తెల్లబడును. పగిలిన కణముల రంగు మూత్రములో దిగును. మద్రాసు కుక్కల జ్వరమును ఏ పిడుదు మోయుచున్నదో 1937లో స్వామినాథ్, షార్టు అను శాస్త్రజ్ఞులు మన దేశముననే పరిశోధించి ప్రకటించిరి.

మందు విషయమున ఒక విచిత్రము జరిగెను. 1909లో ఇంగ్లండునందు కేంబ్రిడ్జిలో నట్టల్, హాడ్వెన్ అను వారు ట్రిపాన్ బ్లూ అను నీలిరంగు ద్రవమును ఎక్కించి కుక్కల పిడుదు జ్వరమును కుదిర్చిరి. కాని అది పెద్ద జాతి బాబేసియాకు పనిచేసిన మందు. మరుసటి సంవత్సరమే మద్రాసులో బయటపడిన చిన్న జాతికి ఆ నీలిమందు పనిచేయలేదు. 1955లో వచ్చిన డైమినజీన్ అను సూదిమందు కొంత గుణమిచ్చినను రోగమును వేళ్లతో పెఱికివేయలేకపోయెను. మలేరియాకు వాడు అటోవక్వోన్ అను మందును అజిత్రోమైసిన్ అను మందుతో కలిపి యిచ్చినచో ఈ చిన్న జాతి లొంగునని 2004లో అమెరికా పశువైద్యులు ప్రకటించిరి. 1910లో పేరు తెలిసిన శత్రువునకు తగిన ఆయుధము దొరకుటకు తొంబదినాలుగేండ్లు పట్టినది.

పిడుదు తెచ్చు జబ్బు ఇది యొక్కటియే కాదు. 1935లో అల్జీరియా దేశమున దొనాసియన్, లెస్తొకార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కుక్కల తెల్లకణములలో నివసించు మఱియొక సూక్ష్మజీవిని కనుగొనిరి. దానిని ఎర్లికియా యందురు. అది చాలకాలము ఎవరికిని పట్టలేదు. 1960 తరువాత సింగపూరులో బ్రిటిషు సైనిక శునకములును, వియత్నాము యుద్ధమున అమెరికా సైనిక శునకములును ముక్కునుండి నెత్తురు కారి చనిపోవ మొదలిడినప్పుడు లోకము మేల్కొనెను. ఈ జబ్బు కుక్క ఒంటిలో నెలలు, సంవత్సరములు దాగియుండి, బలము తగ్గినప్పుడు పైకి వచ్చును. అందుచేతనే ముసలికుక్కలలో ఇది ముసలితనమువలె కనబడి మోసము చేయును.

ఈ రెండవ జబ్బునకు మందు టెట్రాసైక్లిన్ వర్గమునకు చెందినది. ఆ వర్గమున మొట్టమొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసెను. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను. ఆ పరిశోధన జరిగినది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో. ఆ ప్రయోగశాలల పరిశోధనకు అధిపతి మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున జన్మించి, అమెరికా చేరి, ఆరియోమైసిన్ వెల్లడియైన 1948లోనే ఆయన కన్నుమూసిరి. తమ పర్యవేక్షణలో వెలువడిన మందు వర్గము ఒకనాడు మిరప కల్లములవద్ద కాపలా కాయు ముసలికుక్కకు ప్రాణము పోయునని ఆయన ఊహించియుండరు. విద్య ఎవరికి ఎప్పుడు అక్కఱకు వచ్చునో విద్యావంతునికి సైతము తెలియదు.

మందు ఒక్కటియే చాలదు. దానిని తెలిసి యిచ్చువారు కావలెను. మద్రాసు వేపేరిలో పశువైద్య కళాశాల 1903లో స్థాపింపబడెను. హైదరాబాదులో 1946లోను, తిరుపతిలో 1955లోను కళాశాలలు ఏర్పడెను. 2005లో తిరుపతి కేంద్రముగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము నెలకొన్నది. తొలిదినములలో ఈ వైద్యమంతయు ఎద్దు, ఆవు, గేదె, గుఱ్ఱముల కొఱకే. ఒంగోలు గిత్తకు పెట్టిన పేరు మా కుక్కకు ఎవరు పెట్టుదురు? వ్యవసాయదారునికి పాడి, సేద్యము ముందు. అది తప్పు కాదు. కాని ఒకసారి వైద్యుడు ఊరికి వచ్చిన పిమ్మట, ఆయన చేతిలోని సూక్ష్మదర్శినికి గేదె రక్తము, కుక్క రక్తము అను భేదము లేదు.

ఇప్పుడు మరల మోతియొద్దకు పోదము. తెల్లవారగనే దానిని గోనెపట్టామీద పండుకొనబెట్టి ఆటోలో గుంటూరు తీసికొనిపోయితిమి. వైద్యుడు చెవి అంచున చిన్న సూదిపోటు పొడిచి ఒక చుక్క రక్తమును గాజుపలకమీద పఱచెను. జ్వరము 105 డిగ్రీలు. కుక్కకు సహజముగా ఉండునది 101, 102. కడుపు తడిమి, ప్లీహము పెరిగినదనెను. అరగంట తరువాత నన్ను పిలిచి సూక్ష్మదర్శినిలో చూడుమనెను. గులాబిరంగు బిళ్లలవంటి రక్తకణములలో అచ్చటచ్చట ఉంగరములవంటి చిన్న చుక్కలు. 1910లో మద్రాసులో ప్యాటన్ చూచినది అదియే. "దీనికి ముసలితనమే జబ్బు అనుకోకండి. ఇదీ జబ్బు" అని వైద్యుడనెను. ఆ క్షణమున నాకు కలిగిన ఊరట చెప్పజాలను. ముసలితనమునకు మందు లేదు. జబ్బునకు ఉన్నది.

ఆయన మఱియొక మాట చెప్పెను. రక్తము ఇంకను తగ్గినచో వేఱొక కుక్క రక్తము ఎక్కింపవలసివచ్చును. బలమైన పడుచుకుక్కను సిద్ధముగా నుంచుకొనుమని. ఒక ప్రాణి రక్తమును మఱియొక ప్రాణికి ఎక్కించుటలో తొలి ప్రయోగము జరిగినది కుక్కల మధ్యనే. 1665లో ఆక్సుఫర్డున రిచర్డు లోయరు అను వైద్యుడు ఒక కుక్క రక్తనాళమునుండి మఱియొక కుక్క రక్తనాళములోనికి రక్తము ప్రవహింపజేసి, చావబోవుచున్న కుక్కను బ్రతికించెను. రక్తమిచ్చిన కుక్క మాత్రము చనిపోయెను. నేడు మన ఆసుపత్రులలో రక్తమెక్కించు విద్యకు మూలము ఆ కుక్కల ప్రాణములు. ఆ అప్పును మనుష్యజాతి ఇంకను తీర్చలేదు. నేడు వైద్యులు రక్తమిచ్చు కుక్కకు హాని కలుగనంత మాత్రమే తీయుదురు.

ఈ సంగతి నేను ఇంటికి వచ్చి చెప్పగా, "వదిలెయ్యండి" అన్న ప్రక్కయింటి రైతుగారే మఱునాటి యుదయమున తమ నాలుగేండ్ల కుక్కను గొలుసు పట్టుకొని తీసికొనివచ్చి మా యరుగుమీద కూర్చుండిరి. "మోతీ లేకపోతే నా కల్లానికి కూడా కాపలా లేదుగదండీ ఇన్నాళ్లూ" అనిరి. రక్తము ఎక్కించు అవసరము తుదకు కలుగలేదు. అయినను ఆ ప్రొద్దు ఆయన వచ్చి కూర్చుండిన కూర్చుండుట నేను మఱవలేదు.

తరువాతి పది దినములు సేవ. వైద్యుడు చెప్పిన విధమును, అట్టి ఆపద వచ్చిన యిండ్లకు పనికివచ్చునని, ఇచ్చట చెప్పుచున్నాను. నీరు ఒక్కసారి త్రాగింపరాదు; గంటకొకసారి కొంచెము కొంచెముగా ఇయ్యవలెను. గంజి, పెరుగన్నము చేతితో తినిపింపవచ్చును. తాను లేవలేని కుక్కను కొన్ని గంటలకొకసారి ప్రక్క మార్చి పండుకొనబెట్టవలెను. లేనిచో ఒకేప్రక్క ఒరసి పుండ్లు పడును. జ్వరము మిక్కిలి హెచ్చినప్పుడు తడిగుడ్డతో పాదములు, పొట్ట తుడువవలెను. ఇంట మనుష్యులకని ఉంచుకొన్న జ్వరపుమాత్రలు, నొప్పిమాత్రలు కుక్కకు ఎన్నడును వేయరాదు. వానిలో కొన్ని కుక్కకు విషము. వైద్యుడు ఇన్ని వారములని చెప్పిన మందును, కుక్క లేచి తిరుగుచున్నదని మధ్యలో మానరాదు. పిడుదులను వ్రేళ్లతో నలుపరాదు. చర్మమునకు ఆనించి పట్టుకారుతో మెల్లగా లాగివేయవలెను. ఆడపిడుదు గోడబీటలలో వేలకొలది గ్రుడ్లు పెట్టును. కావున కుక్కకు మందు వేసినంత మాత్రమున చాలదు. అది పండుకొను తావును, గోడబీటలను బాగుచేయవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది చిగుళ్లను చూచుట. ముసలికుక్క ఒకటి రెండు దినములలో హఠాత్తుగా చతికిలబడినచో అది ముసలితనము కాదు. ముసలితనము మెల్లగా వచ్చు అతిథి. జబ్బు తలుపు పగులగొట్టుకొని వచ్చును. పెదవి యెత్తి చూచుటకు ఒక్క నిమిషము చాలును. తెల్లబడిన చిగుళ్లు కనబడినచో ఆలస్యము చేయరాదు.

అన్ని ముసలికుక్కలును బ్రతుకవు. బ్రతుకనివానియెడ మన ధర్మమేమి? 1960లో మన పార్లమెంటు జంతువులపట్ల క్రూరత్వ నివారణ చట్టము చేసినది. అందుకు ప్రేరణ శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో తెచ్చిన బిల్లు. తన సంరక్షణలో నున్న జంతువునకు క్షేమము కలిగించుటయు, అనవసరమైన బాధ కలుగకుండ చూచుటయు యజమాని విధియని ఆ చట్టము చెప్పినది. సరియైన కారణము లేక, ఆకలిదప్పులకు గుఱియగునట్లు జంతువును విడిచిపెట్టుట నేరమని చెప్పినది. ఇక కోలుకొను ఆశ లేక, బ్రతికియుంచుటయే క్రూరమైనచో, బాధ లేని మరణమునకును అందు త్రోవ కలదు; ఆ నిర్ణయము వైద్యుని తోడుగా చేయవలసినది. ఈ చట్టములోని వాక్యములు నాకు క్రొత్తవిగా తోచలేదు. ఇంద్రుని రథము ముందర నిలిచి ధర్మరాజు చెప్పినదే, ఏడువందల యేండ్ల క్రిందట తిక్కన మన భాషలో చెప్పినదే, న్యాయశాస్త్రపు పొడిమాటలలో మరల వ్రాయబడినది.

మోతి పదునొకండవ దినమున తానై లేచి, గడపదాక పోయి, వీథిలోనికి చూచి ఒక్కసారి మొఱిగెను. చిగుళ్లు ఎఱ్ఱబడుటకు నెల పట్టినది. పరాన్నజీవి ఒంటిలో పూర్తిగా పోకపోవచ్చునని, మరల జ్వరము తగిలినచో వెంటనే రమ్మని వైద్యుడు హెచ్చరించెను. ఆ యేడు మిగిలిన కోతలు ముగియువఱకు మోతి కల్లము దగ్గఱకు వచ్చి చెట్టునీడను పండుకొనెడిది. కాపలా పని ప్రక్కయింటి పడుచుకుక్క చూచుకొనెను. మరుసటి యేడు మిరపకాయలు ఆరబోసిన దినములలో సైతము అది అచ్చటనే యుండెను. ఆ వేసవి తుదిని, జ్వరము లేకుండ, నొప్పి లేకుండ, నిదురలో కన్నుమూసెను. అది నిజముగా ముసలితనమే.

"పదమూడేండ్ల కుక్కకు ఒక్క యేడు కొఱకు ఇంత ప్రయాసమా?" అని అడుగువారు ఉందురు. ఆ ఒక్క యేడు దాని ఆయువులో పదునాల్గవ వంతు. మనిషి లెక్కలో అది అయిదారేండ్లు. ఇంటి పెద్దకు అయిదారేండ్ల ఆయువు దొరకునన్నచో, గుంటూరు దూరమని ఎవరందురు? మీ యింటి ముంగిట పండుకొన్న ముసలిప్రాణి రేపు లేవకపోయినచో, వదలివేయుటకు ముందు ఒక్కసారి దాని పెదవి యెత్తి చిగుళ్లు చూడుడు.